గోమారిని తినేదెవరు?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వస్తారనుకోలేదు. బయల్దేరేటప్పుడు మా ఆవిడ "గోమార్ల మీద ఉపన్యాసమా? టిఫిన్ తిన్నాక వినగలరా ఎవరైనా?" అంది. విందాం, ఎంతమంది మిగులుతారో చూద్దాం.

పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ని. హైదరాబాద్‌లో ఇప్పుడు నన్ను ఆవుల గురించి అడిగేవాళ్లు తక్కువ, కుక్కల గురించి అడిగేవాళ్లు ఎక్కువ. పోయిన నెల మన కాలనీలోనే ఒకమ్మాయి తన కుక్కకు పట్టిన గోమార్ల గురించి అడిగింది: "అంకుల్, ప్రకృతిలో ప్రతిదాన్నీ ఇంకొకటి తింటుంది కదా, మరి గోమార్లను తినేదేంటి? దాన్నే తెచ్చి పెంచుకుంటే మందులు కొట్టే పని ఉండదు కదా?" అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఈ ప్రసంగం ఆ అమ్మాయికి బాకీ.

ముందు గోమారి సంగతి. కొన్ని ఊళ్లలో దీన్నే పిడుదు అంటారు, ఇంగ్లీషులో టిక్. పురుగు అంటాం గానీ ఇది ఈగ, దోమ, నల్లిలాంటి కీటకం కాదు. సాలీడుకీ తేలుకీ చుట్టం. పెద్దదానికి ఎనిమిది కాళ్లు, గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లకు ఆరే. ప్రపంచంలో దాదాపు 900 జాతులున్నాయి. ఆడ గోమారి కడుపునిండా రక్తం తాగితే మొదటి బరువుకి వంద రెట్లు పైగా ఉబ్బుతుంది. అప్పుడు చూస్తే అచ్చం ఆముదం గింజే. ఇది నా పోలిక కాదు. లాటిన్‌లో గోమారిని 'రిసినస్' అనేవారు. ఆముదం మొక్కకు శాస్త్రీయంగా ఉన్న పేరు కూడా అదే, గింజ గోమారిలా ఉంటుందని. నల్గొండ, పాలమూరు వైపు ఆముదం చేలు చూసినవాళ్లకు ఈ మాట ఇంకెప్పుడూ మరుపు రాదు.

మన ప్రశ్నకు జవాబంతా ఒక్క విషయంలో ఉంది: గోమారి తన జీవితంలో ఎక్కువ కాలం ఎక్కడుంటుంది? కుక్క మీద అనుకుంటాం. కాదు. కుక్కలకు పట్టే గోమారి బతుకులో మూడే భోజనాలు. పిల్లగా ఒకసారి, మధ్య దశలో ఒకసారి, పెద్దయ్యాక ఒకసారి. ప్రతిసారీ కొన్ని రోజులు తాగి కింద రాలిపోతుంది, కుబుసం విడుస్తుంది, మళ్లీ ఎదురుచూస్తుంది. ఆ ఎదురుచూపు నెలలకు నెలలు సాగొచ్చు. పశువుల గోమారి పద్ధతి వేరు. అది మూడు దశలూ ఒకే పశువు మీద, సుమారు మూడు వారాల్లో ముగించుకుని, ఎక్కువగా తెల్లవారుజామున రాలి, నేల మీద వేలకొద్దీ గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. అంటే గోమారిని తినాలనుకున్న జీవికి అది దొరికేది ముఖ్యంగా నేల మీద.

కానీ మన కళ్లు మాత్రం పశువు వీపు మీదే ఉంటాయి. అక్కడ పక్షులు కనిపిస్తాయి కాబట్టి.

మూసీ ఒడ్డున పచ్చగడ్డి కోసే చోట్ల, గేదెల చుట్టూ తెల్లకొంగలు తిరగడం మీరంతా చూసే ఉంటారు. పసుల కొంగలు. గోమార్లు ఏరుకుంటున్నాయని మా తాతయ్య చెప్పేవాడు, నేనూ నమ్మాను. నిజానికి వాటి పొట్టలు కోసి చూసినవాళ్లకు ఎక్కువగా కనిపించినవి మిడతలు. గేదె అడుగు వేస్తే గడ్డిలోంచి మిడత ఎగురుతుంది, కొంగ పట్టేస్తుంది. గోమారి అప్పుడప్పుడూ నోట్లో పడే పల్లీ గింజ లాంటిది. తోక చీలిన నల్లపిట్ట, పసులపోలిగాడు, దానిదీ ఇదే వరస. పేరులోనే పసులున్నాయి, పశువు వీపు దానికి మంచి కుర్చీ, తినేది మాత్రం ఎగిరే పురుగుల్ని. కాకి, గోరింక కొంత నయం. ఎద్దు చెవుల్లో, తోక మొదట్లో పొడిచి పొడిచి గోమార్లు లాగడం నేను కళ్లారా చూశాను. ఆ ఎద్దు కూడా చెవి వంచి, కళ్లు అరమోడ్చి నిలబడుతుంది, సెలూన్‌లో మనలాగే.

అన్నిటికన్నా గట్టి పనిమంతురాలు మన నాటుకోడి. కెన్యాలో పశువుల మధ్య వదిలిన కోళ్ల పొట్టలు చూస్తే, ఒక్కోదాంట్లో సగటున 81 గోమార్లు, ఒకదాంట్లో అయితే 300 పైన ఉన్నాయి. కొట్టంలో కోళ్లు తిరిగిన ఇంటి ఆవు మీద గోమార్లు తక్కువని మన పల్లెటూరి ఆడవాళ్లకు ఈ లెక్కలు లేకుండానే తెలుసు.

ఆఫ్రికా పేరు వచ్చింది కాబట్టి ఇంకో పక్షి గురించి చెప్పాలి. అక్కడ ఖడ్గమృగాలు, జిరాఫీల మీద వేలాడే ఎర్రముక్కు పక్షి, ఆక్స్‌పెకర్. టీవీ డాక్యుమెంటరీల్లో హీరో. 2000లో అచ్చైన ఒక పరిశోధన కోసం ఒకాయన జింబాబ్వేలో కొన్ని పశువుల దగ్గరికి ఆ పక్షుల్ని రానీయకుండా చేసి, మిగతావాటితో పోల్చి చూశాడు. గోమార్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా పక్షులు వచ్చిన పశువుల పుండ్లు మానడం లేదు, ఎందుకంటే ఆ పక్షి పుండు కెలికి రక్తం తాగుతుంది. స్నేహితుడనుకున్నవాడు అప్పులవాడని తేలినట్టయింది.

అమెరికాలో ఒపోసం అనే జంతువు సీజన్‌కు 5000 గోమార్లు తింటుందని ఇంటర్నెట్‌లో తెగ తిరిగింది. తర్వాత 32 ఒపోసంల పొట్టలు వెతికితే ఒక్క గోమారీ దొరకలేదు. ఇంక దాని సంగతి వదిలేద్దాం. శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్‌ల వాళ్లు ముచ్చటపడి పెంచుకునే గినీ కోళ్లూ అంతే. గడ్డి మీద కనబడే పెద్ద గోమార్లను తింటాయి, గసగసాలంత పిల్లల్ని వదిలేస్తాయి. అరుపులు మాత్రం ఫ్రీ.

పక్షులకు చిక్కనిది నేల మీద చీమలకు చిక్కుతుంది. రక్తం తాగి ఉబ్బి, పరిగెత్తలేని ఆడ గోమారి అంటే చీమలకు పండగ భోజనం. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోకి బయటి నుంచి వచ్చి చేరిన ఎర్ర కొరివి చీమలు కొన్ని చోట్ల గోమార్ల సంఖ్యను బాగా తగ్గించాయి. అలాగని ఆ చీమల్ని ఎవరూ కోరి తెచ్చుకోరు, అవి మనుషుల్ని, దూడల్ని, పక్షి పిల్లల్ని కూడా కుడతాయి. గోమారీ తక్కువది కాదు. కొన్ని జాతులు చీమ కొరికితే ఒంటిమీది గ్రంథుల్లోంచి ఒక ద్రవం వదులుతాయి, ఆ వాసనకు చీమ వెనక్కి తగ్గుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన శత్రువు ఒక కందిరీగ. కందిరీగ అంటే మీరు ఊహించుకునేది కాదు, చిన్న చుక్కంత ఉంటుంది. గోమారి పిల్ల ఒంట్లో గుడ్లు పెట్టిపోతుంది. గోమారి ఎప్పుడు రక్తం తాగితే అప్పుడు లోపలి గుడ్లు ఎదగడం మొదలుపెడతాయి. అంటే గోమారి తన భోజనం తాను తింటున్నాననుకుంటూ తన చావును మేపుతుంది. చివరికి దాని వెనక భాగంలో రంధ్రం చేసుకుని కందిరీగలు బయటికొస్తాయి. 1920ల్లో అమెరికాలోని ఒక చిన్న దీవిలో వీటిని తెచ్చి వదిలారు. దశాబ్దాల తర్వాత చూస్తే కందిరీగలు ఉన్నాయి, గోమార్లూ దండిగా ఉన్నాయి. కెన్యాలో ఏడాది పాటు లక్షన్నర కందిరీగల్ని వదిలితే ఒక జాతి గోమార్లు పశువుకి 44 నుంచి 2కి పడిపోయాయి, పక్కనే ఉన్న ఇంకో జాతికి ఏమీ కాలేదు. వేటగాడు వేటను పూర్తిగా తుడిచిపెట్టడు. తుడిచిపెడితే వాడు మర్నాడు ఏం తింటాడు?

ఇంకొక పెద్ద శత్రువు ఉంది, దాన్ని మనం లెక్కలోకే తీసుకోం. గోమారి పట్టిన జంతువే. నాకుతుంది, కొరుకుతుంది, రుద్దుకుంటుంది. ఎలుక అయితే పళ్లతో లాగి నమిలేస్తుంది. మన దేశవాళీ పశువుల చర్మం, రోగనిరోధక శక్తి గోమారికి అంత తేలిగ్గా లొంగవు. బ్రెజిల్‌లో ఇవాళ కోట్లకొద్దీ ఉన్న పశువుల జాతి పేరు 'నెలోరి'. మన నెల్లూరే. ఇక్కణ్నుంచి వెళ్లిన ఒంగోలు పశువుల సంతతి. ఆ ఎండకి, ఆ గోమార్లకి యూరప్ ఆవులు తట్టుకోలేకపోతే ఇవి నిలబడ్డాయి. మనమేమో ఇక్కడ పాల కోసం జెర్సీ, హోల్‌స్టీన్ తెచ్చుకుని, వాటికి గోమార్ల మందు కొడుతున్నాం.

అమ్మాయి అడిగింది కుక్క గురించి కదా, అక్కడికొస్తాను. కుక్క గోమారికి పైకి ఎక్కే అలవాటుంది. రక్తం తాగాక గోడ ఎక్కి, ఫొటో ఫ్రేము వెనక, స్విచ్‌బోర్డు సందులో, తలుపు చట్రం పగుల్లో దూరి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. ఫ్లాటులో కోడి లేదు, చీమల్ని మనమే లక్ష్మణరేఖ గీసి చంపేశాం. బల్లి తినదా అంటారు. కదిలేది నోటికందితే పట్టొచ్చు, పగుల్లో దూరినదాన్ని ఏం చేస్తుంది? గోమారికి మన అపార్ట్‌మెంట్ అంటే శత్రువుల్లేని అడవి. కాబట్టి అమ్మా, పక్షుల్ని తెచ్చుకోవద్దు, పుట్టీ తెచ్చుకో. పగుళ్లు పూడ్చు, కుక్క పక్కబట్టలు వేడినీళ్లలో ఉతుకు, చెవులు, వేళ్ల సందులు రోజూ చూడు, మందు మాత్రం డాక్టరు రాసిందే వాడు. ఆవులకు కొట్టే మందు కుక్కకు రాయకు. పట్టుకున్న గోమారిని ప్లకర్‌తో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి. కిరోసిన్, అగ్గిపుల్ల వద్దు. చేత్తో నలపడం అసలే వద్దు. గోమారి కుడితే వచ్చే జ్వరాలు కుక్కలకే అనుకోకండి. 1957లో కర్ణాటక శివమొగ్గ అడవుల్లో కోతులు చచ్చిపడితే బయటపడిన క్యాసనూర్ జ్వరం మనుషులకీ వస్తుంది. కోతి చచ్చాక దాని మీది గోమార్లు అక్కడే రాలి, ఆ దారిన కట్టెలకు పోయేవాళ్ల కోసం కాచుకుంటాయి.

టీ వచ్చినట్టుంది, ఆపేస్తాను. ఈ బల్ల మీద రెండు చిన్న సీసాలున్నాయి. ఒకదాంట్లో నిన్న మా ఇంటి దగ్గరి తబేలాలో తీసిన ఆడ గోమారి, ఇంకోదాంట్లో ఆముదం గింజ. ఏది ఏదో చెప్పి వెళ్లండి. మూతలు మాత్రం తీయొద్దు, రెండోది కూడా.