ముందు ఏం చేస్తారు?

శ్రోతలకు నమస్కారం.

ఇల్లు కట్టించినవాళ్లకు ఇది బాగా తెలిసిన సంగతే. గోడలు లేచాయి, రేపో ఎల్లుండో స్లాబ్ అనగా చుట్టాల్లో ఒకాయన వస్తాడు. అటూ ఇటూ తిరిగి చూసి, "వంటిల్లు ఆగ్నేయంలో ఉండాలి కదా, ఇక్కడ పెట్టారేంటి?" అంటాడు. ఇంటాయన మేస్త్రీ వంక చూస్తాడు. మేస్త్రీ, "దాందేముందండీ, మార్చేద్దాం" అంటాడు. ఆ ఒక్క మాటతో నీళ్ల పైపులు మారతాయి, కరెంటు పాయింట్లు మారతాయి, గృహప్రవేశం వెనక్కి పోతుంది. చివరికి లెక్క తేలే రోజున ఇద్దరికీ మాటల్లేవు.

ఆ "దాందేముందండీ"ని నోట్లోనే ఆపుకోవడం నేర్పేదే, నన్నడిగితే, పీఎంపీ శిక్షణ. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్ అని దాని పూర్తి పేరు. 1969లో అమెరికాలో ఏర్పడిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ 1984 నుంచి ఈ సర్టిఫికెట్ ఇస్తోంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకే అనుకుంటారు చాలామంది. రోడ్లు వేసేవాళ్లూ, మందుల కంపెనీల్లో పనిచేసేవాళ్లూ దీని పరీక్ష రాస్తారు.

డిగ్రీ ఉంటే 36 నెలలు, లేకపోతే 60 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం కావాలి. ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు చూసినా అది ఒక్క నెల కిందే లెక్క. విజిటింగ్ కార్డు మీద మేనేజర్ అని ఉండక్కర్లేదు, పని నడిపించి ఉంటే చాలు. దరఖాస్తులో ఆ పనిని సొంత మాటల్లో రాయాలి. మనవాళ్లు తడబడేది ఇక్కడే. "మేం చేశాం, మావాళ్లు పూర్తిచేశారు" అని రాస్తారు. మన మర్యాద అలాంటిది. ఆ సంస్థకు కావలసింది మీరేం చేశారన్నది. కొన్ని దరఖాస్తులను ఆడిట్‌కు కూడా తీస్తారు. అప్పుడు మీరు రాసింది నిజమేనని ఆ ప్రాజెక్టు తెలిసినవాళ్లు చెప్పాలి. కాబట్టి పాత బాస్‌తో మాటలు లేకపోతే, ఒక ఫోన్ ఇప్పుడే చేసుకోవడం మంచిది.

దీంతోపాటు 35 గంటల శిక్షణ ఉండాలి. ఇంట్లో కూర్చుని సొంతంగా చదివింది ఈ లెక్కలోకి రాదు. అమీర్‌పేటలోనో ఆన్‌లైన్‌లోనో ఐదారు రోజులు గట్టిగా కూర్చుంటే ఆ గంటలు నిండుతాయి. అవి పరీక్ష హాల్లోకి వెళ్లడానికి టికెట్ మాత్రమే. గ్యారంటీగా పాస్ చేయిస్తామనే ప్రకటనలు చూసి డబ్బు కట్టకండి.

లెక్కలంటే భయపడేవాళ్లకు ఒక మాట. పది లక్షల పని ఉందనుకోండి. ఇప్పటికి ఐదు లక్షలు ఖర్చయ్యాయి, జరిగిన పని విలువ కడితే నాలుగు లక్షలే. అంటే రూపాయి పెడితే ఎనభై పైసల పని జరుగుతోంది. ఇదే తీరున పోతే పని పూర్తయ్యేసరికి పన్నెండున్నర లక్షలవుతుంది. ఎర్న్‌డ్ వాల్యూ అని పెద్ద పేరు పెట్టారు కానీ, ఖాతా పుస్తకం రాసే ఏ కాంట్రాక్టరుకైనా ఇది అర్థమయ్యేదే. పైగా ఇలాంటివి అడిగేది తక్కువ.

ఎక్కువగా అడిగేది వేరు. టీములో ఇద్దరికి పడటం లేదు, మీరు ముందు ఏం చేస్తారు? క్లయింటు మధ్యలో కొత్తది అడిగాడు, ముందు ఏం చేస్తారు? నాలుగు జవాబులూ సరైనవే అనిపిస్తాయి. పదిహేనేళ్ల సర్వీసు ఉన్నవాళ్లే ఇక్కడ ఎక్కువ తప్పులు చేస్తారు. మన ఆఫీసుల్లో ఏ ఇబ్బంది వచ్చినా ముందు చేసే పని పైవాడికి ఫోన్ కొట్టడం. పరీక్షలో అది దాదాపు ఎప్పుడూ తప్పు జవాబే. ముందు ఆ ఇద్దరితో మాట్లాడాలి. క్లయింటు అడిగిన మార్పుకు డబ్బెంత, రోజులెన్ని అని ముందు లెక్క చూసి, ఆ తర్వాతే ఆమోదానికి పంపాలి. నిజం ఆఫీసులో ఇదంతా కుదురుతుందా అంటే, అన్నిసార్లూ కుదరదు. కానీ పరీక్షలో మీ ఆఫీసును బయటే వదిలి రావాలి.

పనిని చిన్న చిన్న ముక్కలుగా చేసి చూపిస్తూ, అవసరమైతే దారి మార్చుకుంటూ పోయే పద్ధతిని ఎజైల్ అంటారు. ఆ మాట విని సివిల్ ఇంజనీర్లు బెంబేలెత్తుతారు. పొద్దున్నే సైట్లో టీ తాగుతూ, నిన్న ఏం అయింది, ఇవాళ ఎవరెక్కడ, ఇసుక వచ్చిందా అని నిలబడి మాట్లాడుకుంటారు చూడండి, ఎజైల్‌లో స్టాండప్ మీటింగ్ అంటే అదే.

2021లో వచ్చిన పద్ధతిలో 180 ప్రశ్నలకు 230 నిమిషాలు ఇచ్చారు. ఇవీ, సిలబసూ అప్పుడప్పుడూ మారుతుంటాయి కనుక, ఫీజు కట్టేముందు ఆ సంస్థ సైట్లో తాజా హ్యాండ్‌బుక్ చూసుకోండి. మధ్యలో పదేసి నిమిషాల విరామాలు రెండు ఉంటాయి. విరామానికి వెళ్లారంటే అంతకుముందు రాసిన ప్రశ్నల దగ్గరికి మళ్లీ రానివ్వరు. తర్వాత చూద్దామని గుర్తు పెట్టుకున్నవి ఏమైనా మిగిలితే, ఎంత టీ దాహంగా ఉన్నా, వాటి సంగతి తేల్చాకే కుర్చీలోంచి లేవండి.

నమస్కారం.