గెలిచిన మనిషి గద్దె ఎక్కకముందే పోతే

ఆకాశవాణి తిరుపతి కేంద్రం శ్రోతలకు నమస్కారం.

ఎన్నికలొచ్చినప్పుడల్లా మన టీ అంగళ్ల దగ్గర ఒక ప్రశ్న వినబడుతూ ఉంటుంది. గెలిచినాయన ప్రమాణ స్వీకారం చేయకముందే చనిపోతే, ఆ సీటు రెండో స్థానంలో వచ్చినాయనకు ఇస్తారా? ఇస్తారని గట్టిగా వాదించేవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఇవ్వరు. ఓడినాయన ఓడినట్టే. మన చట్టం ఏం చెబుతుందో చెబుతాను. అంతకంటే ముందు మిమ్మల్ని బ్రెజిల్ దేశానికి తీసుకెళ్లాలి. ఈ విషయం గురించి ఎప్పుడు ఆలోచించినా నా మనసు అక్కడికే పోతుంది.

1964లో అక్కడ సైన్యం అధికారం పట్టుకుంది. ఇరవై ఒక్క ఏళ్లు వదల్లేదు. మా అధ్యక్షుణ్ణి మేమే నేరుగా ఎన్నుకుంటామని 1984లో జనం లక్షలుగా వీధుల్లోకి వచ్చారు. అందుకు కావలసిన రాజ్యాంగ సవరణ పార్లమెంటులో గట్టెక్కలేదు. అయినా 1985 జనవరి 15న, జనం బదులు ప్రతినిధులు ఓటేసే ఎలక్టోరల్ కాలేజీలో, ప్రతిపక్షం గెలిచింది. టాంక్రెడో నెవిస్ అనే పెద్దాయనకు 480 ఓట్లు, ఎదుటి అభ్యర్థికి 180. మార్చి 15న ప్రమాణ స్వీకారం. ఇన్నేళ్లకు సైనికుడు కాని మనిషి అధ్యక్షుడవుతున్నాడని దేశమంతా పండగ చేసుకుంది.

పెద్దాయనకు అప్పటికే కొన్ని రోజులుగా కడుపునొప్పి. బయటికి చెప్పలేదు. తాను ఆసుపత్రిలో పడితే, ఆ వంకతో సైన్యం అధికారం అప్పగించకుండా పోతుందేమోనని ఆయన భయం. ఆ ఒక్కరోజు గడిస్తే చాలనుకున్నాడు. గడవలేదు. మార్చి 14 రాత్రి నొప్పి తట్టుకోలేక ఆసుపత్రిలో చేరాడు. ఆ రాత్రే ఆపరేషన్.

తెల్లవారితే ప్రమాణ స్వీకారం. ఎవరు చేయాలి? ఆ రాత్రి రాజధానిలో నాయకులెవరూ నిద్రపోలేదు. ఉపాధ్యక్షుడిగా గెలిచిన జోసె సార్నీ ఉన్నాడు. కానీ అధ్యక్షుడే ప్రమాణం చేయనప్పుడు ఉపాధ్యక్షుడు ఆయన బదులు ఎలా కూర్చుంటాడని కొందరు అడిగారు. దిగువ సభ అధ్యక్షుడు ఉలిసెస్ గిమరాయిస్ కూర్చోవాలని వాళ్ల వాదన. ఆ గిమరాయిస్ సైనిక పాలనను ఏళ్ల తరబడి ఎదిరించిన మనిషి. సార్నీయేమో కొన్ని నెలల ముందుదాకా సైన్యాన్ని బలపరిచిన పార్టీకే అధ్యక్షుడు!

ఇక్కడే నాకు గిమరాయిస్ మీద గౌరవం కలుగుతుంది. కుర్చీ తన ముందే ఉంది, అడిగితే వెనక నిలబడేవాళ్లూ ఉన్నారు. ఆయన మాత్రం సార్నీయే ప్రమాణం చేయాలన్నాడు. రాజ్యాంగాన్ని ఆ రాత్రి ఎటు లాగినా సైన్యానికి సందు దొరుకుతుందని ఆయనకు తెలుసు.

మార్చి 15 పొద్దున సార్నీ ప్రమాణం చేశాడు. దిగిపోతున్న సైనికాధ్యక్షుడు ఆయనకు అధ్యక్ష పదవికి గుర్తుగా వేసుకునే పట్టీ తొడగడానికి కూడా ఒప్పుకోకుండా వెళ్లిపోయాడు. టాంక్రెడోకు ఏడు ఆపరేషన్లు చేశారు. జనం ఆసుపత్రి బయట నిలబడి ప్రార్థనలు చేశారు. ఏప్రిల్ 21న ఆయన పోయారు. ప్రమాణం చేయనే లేదు. సార్నీ 1990 మార్చి దాకా పాలించాడు. ఆయన హయాంలోనే, 1988లో, బ్రెజిల్‌కు కొత్త రాజ్యాంగం వచ్చింది.

జనం ఆశ పెట్టుకున్నది ఒకరి మీద, పాలించింది ఇంకొకరు. ఆ రెండో పేరును ఎంతమంది చూసి ఉంటారు?

రాసిపెట్టిన వరస లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కర్లేదు. తిరుమల ఆలయంలో మహాద్వారం దాటాక రాయలవారి విగ్రహాలున్న చోట వెంకటపతిరాయల రాగి విగ్రహం కూడా ఉంది, చూసే ఉంటారు. చంద్రగిరి నుంచి ఏలిన ప్రభువు. 1614లో కన్నుమూస్తూ సోదరుడి కొడుకు శ్రీరంగరాయలను వారసుడన్నారు. పేరైతే చెప్పారు, అందరూ ఒప్పుకున్న రాత లేదు. ఎదుటి వర్గం శ్రీరంగరాయలను కుటుంబంతో సహా చంపించింది. తర్వాత ఏళ్ల తరబడి అంతర్యుద్ధం. నేల పోయింది, పంటలు పోయాయి, మనుషులు పోయారు.

అమెరికావాళ్లు 1933 జనవరి 23న ఒక సవరణ చేసుకున్నారు. గెలిచిన అధ్యక్షుడు పదవిలోకి రాకముందే చనిపోతే, గెలిచిన ఉపాధ్యక్షుడే అధ్యక్షుడవుతాడు. సరిగ్గా ఇరవై మూడు రోజులకు మయామీలో, గెలిచి ఇంకా పదవి చేపట్టని రూజ్‌వెల్ట్ మీద ఒకడు కాల్పులు జరిపాడు. రూజ్‌వెల్ట్ బతికాడు. గాయపడిన షికాగో మేయర్ ఆ తర్వాత చనిపోయాడు.

ఇక మన సంగతి. మన రాష్ట్రపతి విషయంలో రాజ్యాంగం 56వ అధికరణంలో చక్కగా రాశారు. ఐదేళ్లు నిండినా, తర్వాతి వ్యక్తి పదవి చేపట్టేదాకా పాత రాష్ట్రపతే కొనసాగుతారు. కొత్తగా గెలిచినవారు ప్రమాణానికి ముందే పోయినా కుర్చీ ఖాళీగా ఉండదు.

శాసనసభ్యుడి సంగతి వేరు. 2014లో నందిగామ నుంచి గెలిచిన తంగిరాల ప్రభాకరరావు గారు జూన్ 15న గుండెపోటుతో పోయారు. సభ ఇంకా మొదలు కాలేదు. ఆ సీటు రెండో స్థానంలోనివారికి పోలేదు. సెప్టెంబరులో ఉప ఎన్నిక జరిగింది, ఆయన కూతురు గెలిచారు. అదే ఏడాది మన సీమలోనే, ఆళ్లగడ్డలో, శోభా నాగిరెడ్డి గారు పోలింగుకు ముందే రోడ్డు ప్రమాదంలో పోయారు. ఈవీఎం మీద పేరు అలాగే ఉంది, జనం ఆ పేరుకే ఓటేసి గెలిపించారు. అక్కడా మళ్లీ ఉప ఎన్నికే. మామూలుగా ఆరు నెలల్లోపు పెట్టాలి.

ముఖ్యమంత్రి కావలసిన మనిషే పోతే? ఉప ముఖ్యమంత్రిగా అనుకున్నవారు దానంతటదే ముఖ్యమంత్రి కారు. ఆ పదవి పేరే రాజ్యాంగంలో లేదు. మెజారిటీ పార్టీ ఎమ్మెల్యేలు మళ్లీ కూర్చుని నాయకుణ్ణి ఎన్నుకోవాలి, గవర్నరు పిలవాలి. 2009 సెప్టెంబరు గుర్తుందా? రచ్చబండ కోసం మన చిత్తూరు జిల్లాకే బయలుదేరిన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు దారిలోనే పోయారు. ఆయన పదవిలో ఉన్నవారే, నిజమే. కానీ తర్వాత ఎవరన్నది ఏ కాగితం మీదా లేదు. గవర్నరు రోశయ్య గారితో ప్రమాణం చేయించారు. ముఖ్యమంత్రికీ ఒక వరస రాసిపెట్టుకోవాలన్నది నా అభిప్రాయం.

రాష్ట్రం సంగతి మన చేతిలో లేదు. ఊరి సంగతి ఉంది. పంచాయతీలో సర్పంచ్‌కు మీరే నేరుగా ఓటేస్తారు. ఉప సర్పంచ్‌ను మాత్రం గెలిచిన వార్డు సభ్యులు చేతులెత్తి ఎన్నుకుంటారు. సర్పంచ్ పదవి ఖాళీ అయితే, కొత్త సర్పంచ్ గెలిచేదాకా ఆ అధికారం ఉప సర్పంచ్‌దే. మీ నీళ్ల ట్యాంకు, మీ వీధిదీపాలు, మీ ఊరి నిధులు ఆ మనిషి చేతికే వస్తాయి. అందుకని ఈసారి వార్డు సభ్యుడు ఓటు అడగడానికి మీ గడప దగ్గరికి వచ్చినప్పుడు ఒక్క మాట అడగండమ్మా, అడగండయ్యా: "గెలిస్తే ఉప సర్పంచ్‌గా ఎవరికి చెయ్యెత్తుతావు?" సమాధానం చెప్పాకే ఓటు సంగతి మాట్లాడండి.

సెలవు. నమస్కారం.