బేస్‌బాల్ షెడ్యూల్ చూసుకుని బయల్దేరండి

అందరికీ నమస్కారం. వేసవి సెలవుల్లో పిల్లలతో చేసే ప్రయాణాల గురించి మాట్లాడమన్నారు. మన ఇళ్లలో వేసవి అంటే నయాగరా, ఎల్లోస్టోన్, లేదంటే ఇండియా. వాటి గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఈ హాల్లోనే బోలెడుమంది ఉన్నారు. నేను చెప్పబోయేది షికాగో నుంచి సెయింట్ లూయిస్ మీదుగా కాన్సాస్ సిటీ దాకా నేనూ మా అమ్మాయీ కారులో వెళ్లిన దారి గురించి. సుమారు 550 మైళ్లు. ఏ ఊళ్లో ఏ రోజు మ్యాచ్ ఉందో ముందు చూసుకుని, మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకున్నాం.

బేస్‌బాలే ఎందుకంటే, మా అమ్మాయి దానిలాంటిదే అయిన సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. నాకు తెలిసింది క్రికెట్. స్టేడియంలో కూర్చుంటే దానికి అన్నీ తెలుసు, నాకు ఏదీ సరిగ్గా తెలియదు. ఇంట్లో "హోంవర్క్ అయిందా, పియానో ప్రాక్టీస్ చేశావా" అని నిలదీసేది నేను. అక్కడా అడిగేది నేనే గానీ, తెలియక అడగడం. ఆ హోదా మార్పు పిల్లలకి భలే నచ్చుతుంది.

షికాగోలోని బేస్‌బాల్ స్టేడియం రిగ్లీ ఫీల్డ్ మనకి దగ్గరే కదా అని చాలామంది వాయిదా వేస్తుంటారు. 1914లో కట్టిన మైదానం అది. అవుట్‌ఫీల్డ్ గోడ మీద తీగ 1937లో నాటింది. బంతి ఆ ఆకుల్లో ఇరుక్కుంటే ఫీల్డర్ వెతకడు, రెండు చేతులూ పైకెత్తేస్తాడు. బ్యాటర్‌కి రెండు బేస్‌లు, అంటే పరుగు కోసం వరుసగా తాకాల్సిన గుర్తులు, ఇచ్చేస్తారు. చెట్టు కూడా రూల్స్‌లో భాగమైన ఆట ఇంకొకటి నేను చూడలేదు. కారు ఇంట్లోనే వదిలేసి రెడ్ లైన్ రైలెక్కి ఆడిసన్‌లో దిగండి, పార్కింగ్ టెన్షన్ ఉండదు.

అక్కడే మా అమ్మాయి స్కోర్ కార్డు నింపడం నేర్పింది. ఫీల్డర్లకి ఒక్కొక్కరికీ ఒక అంకె. బంతి వేసే పిచ్చర్ 1, బ్యాటర్ వెనక ఉండే క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, రెండో మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6. గడిలో 6-4-3 అని రాశామంటే షార్ట్‌స్టాప్ ఆపి సెకండ్ బేస్‌కి, అతను ఫస్ట్ బేస్‌కి విసిరి ఇద్దర్ని అవుట్ చేశారన్నమాట. కొట్టాల్సిన బంతిని మూడుసార్లు వదిలేసో మిస్సయ్యో బ్యాటర్ అవుటైతే అది స్ట్రైకవుట్, దానికి కె అక్షరం. బ్యాటర్ బ్యాట్ ఊపకుండానే మూడో స్ట్రైక్ పడితే ఆ కె ని అద్దంలో కనిపించినట్టు తిరగేసి రాయాలి. నేను ప్రతిసారీ మామూలుగా రాసేస్తుంటే పెన్సిల్ లాక్కుని దిద్దేది.

2023లో పిచ్ క్లాక్ పెట్టారు. బేస్‌ల మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లలో బంతి వేయాల్సిందే. అయినా మ్యాచ్ రెండున్నర గంటల పైమాటే. ఆ ఖాళీల్లోనే పిల్లలు మాట్లాడతారు. ఒక స్నేహితురాలు తనతో మాట్లాడడం మానేసిందని నాకు తెలిసింది ఒకానొక ఐదో ఇన్నింగ్స్‌లో. కార్డు మీంచి తలెత్తకుండానే చెప్పింది. నేనూ తల తిప్పలేదు. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగి ఉంటే "ఏం లేదమ్మా" అనేది.

దారిలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లింకన్ ఇల్లు చూడండి. ప్రెసిడెంట్ కాకముందు ఆయన ఉన్న ఇల్లు. టికెట్ ఉచితం, గంట చాలు.

సెయింట్ లూయిస్‌లో గేట్‌వే ఆర్చ్ అనే పెద్ద కమాను ఎత్తు 630 అడుగులు. పైకి తీసుకెళ్లే ట్రామ్‌లో ఒక్కో డబ్బాలో ఐదుగురు, మోకాళ్లు మోకాళ్లు తగిలేలా కూర్చోవాలి. తలుపు చిన్నది, వంగి దూరాలి. నాలుగు నిమిషాల్లో పైన ఉంటారు. ఒకవైపు మిసిసిపి, ఇంకోవైపు సాయంత్రం మీరు వెళ్లబోయే స్టేడియం. చాలామంది అంతటితో సరిపెట్టేస్తారు. పక్కనే ఉన్న ఓల్డ్ కోర్ట్‌హౌస్ వదలొద్దు. బానిసగా ఉన్న డ్రెడ్ స్కాట్ తన స్వేచ్ఛ కోసం కేసు వేసింది అక్కడే. 1857లో సుప్రీంకోర్టు అతనికి అసలు పౌరుడిగా దావా వేసే హక్కే లేదంది.

అది చూశాక కాన్సాస్ సిటీలోని నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియానికి వెళ్తే అర్థం వేరుగా ఉంటుంది. నల్లజాతి ఆటగాళ్లని పెద్ద లీగుల్లోకి రానివ్వని రోజుల్లో, 1920లో వాళ్లు సొంత లీగ్ పెట్టుకున్నది ఆ ఊళ్లోనే. లోపలికి అడుగుపెట్టగానే ఒక చిన్న మైదానం, అందులో ఆ లీగుల ఆటగాళ్ల కంచు విగ్రహాలు. పిచ్చర్‌గా సాచెల్ పేజ్, క్యాచర్‌గా జాష్ గిబ్సన్. కానీ మధ్యలో కోళ్లగూటికి వేసేలాంటి వైర్ కంచె. లోపలికి వెళ్లలేం. కథంతా చదువుకుంటూ మ్యూజియం చుట్టి వస్తేనే చివర్లో ఆ మైదానంలోకి దారి. మా అమ్మాయి కంచె దగ్గరే చాలాసేపు నిలబడింది, "ముందే ఎందుకు వెళ్లనివ్వరు?" అని. జవాబు చెప్పబోయి ఆగిపోయాను. సగం దూరం నడిచేసరికి దానికే తెలిసింది.

జాకీ రాబిన్సన్ 1945లో ఆడింది ఇక్కడి మోనార్క్స్ జట్టుకే. 1947 ఏప్రిల్ 15న పెద్ద లీగ్ జట్టయిన బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున బరిలోకి దిగి ఆ అడ్డు తెంచాడు. గిబ్సన్ అదే ఏడాది జనవరిలో 35 ఏళ్లకే చనిపోయాడు, పెద్ద లీగ్‌లో ఒక్క బంతీ ఆడకుండా. 2024లో ఆ పాత లీగుల లెక్కల్ని మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపారు. ఇప్పుడు కెరీర్ బ్యాటింగ్ సగటులో అందరికంటే పైన ఉన్నది గిబ్సనే. ఆ రాత్రి కాన్సాస్ సిటీ స్టేడియంలో ఉన్న ఫౌంటెన్ల కంటే ఈ విషయమే మేం ఎక్కువ మాట్లాడుకున్నాం.

ఇక తిండి సంగతి. చాలా స్టేడియాల్లో బయటి తిండి తీసుకెళ్లనిస్తారు, రూల్స్ ముందే చూసుకోండి. మేం పులిహోర కట్టుకుని వెళ్లాం. కాన్సాస్ సిటీలో ఎక్కడ చూసినా బార్బెక్యూనే. శాకాహారులైతే బీన్స్ కూడా అడిగి తినండి, చాలాచోట్ల అందులో మాంసం ముక్కలుంటాయి. జులైలో వెళ్తే టికెట్ కొనేటప్పుడే నీడ వచ్చే సీట్లు చూసుకోండి. మూడు జట్లూ సొంత ఊళ్లో ఉండే వారం దొరకడం కష్టం, కనీసం రెండు దొరికితే బయల్దేరిపోండి. ఇక మీరు అడగండి.