రాజుల పెళ్లి పోస్టుకార్డుల సెట్ రివ్యూ: ముందువైపు చూసి మురిసిపోయినా, వెనక్కి తిప్పితే కోపమొచ్చింది

అందరికీ నమస్కారం. కర్నూలు నుంచి మళ్లీ మీ ముందుకొచ్చినా. ఈ పోస్టుకార్డుల డబ్బాను కంపెనీవాళ్లు రివ్యూ చేయమని ఊరికే పంపించినారు. డబ్బులేం ఇవ్వలేదు, ఇట్ల చెప్పు అట్ల చెప్పు అని కూడా అనలేదు. ధరెంత, కార్డులెన్ని అనేటివి వాళ్ల పేజీలో మీరు చూసే ఉంటారు, నేను వాటి జోలికి పోను.

యూరోపు రాజుల ఇండ్లలో పెళ్లిళ్లయితే గుర్తుగా ఫొటో పోస్టుకార్డులు వేసేవాళ్లు గదా, వాటినే మళ్లీ అచ్చేసినారు. ముందువైపు శానా బాగుండాది. ఇదో, దగ్గరికి పెడతాండా చూడండి. 1947 నవంబరు 20, తర్వాత బ్రిటన్ రాణి అయిన ఎలిజబెత్‌కు, ఫిలిప్‌కు జరిగిన పెళ్లి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి రెండేళ్లయినా బ్రిటన్‌లో బట్టకు ఇంకా రేషనే. పెళ్లికూతురు కూడా కూపన్లు పెట్టే బట్ట తీసుకుంది. నార్మన్ హార్ట్‌నెల్ అనే డిజైనర్ చేసిన ఆ గౌను మీది ముత్యాల పని ఈ అచ్చులో తేటగా కనపడతాంది.

ఆ పెళ్లికి గాంధీగారు తను వడికిన నూలుతో అల్లిన గుడ్డ పంపించినారు. హైదరాబాదు నిజాం వజ్రాల హారం ఇచ్చినాడు. అప్పట్లో మా కర్నూల్లో తుంగభద్ర దాటితే అవతలి ఒడ్డు నిజాం రాజ్యమే. ఆ నిజాం కొడుకులిద్దరి పెళ్లిళ్లు 1931 నవంబరు 12న ఫ్రాన్సులోని నీస్‌లో అయినాయి. పెద్దాయన టర్కీ సుల్తానుల వంశంలో చివరి ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్‌ను, చిన్నాయన అదే వంశపు నీలోఫర్‌ను చేసుకున్నారు. ఆ పెళ్లి ఈ సెట్లో లేనే లేదు. మన దేశంలో అమ్మే డబ్బాలో మొదటి కార్డు అదే కావాల్సింది.

సరే, ఇప్పుడు తిప్పుతా. చూడండి. వెనకంతా నున్నగా ప్లాస్టిక్ మాదిరి కోటింగ్. ఇంకు పెన్నుతో రాస్తే జారిపోతాంది, బాల్‌పెన్ను అయితే గీతలు పడతాండాయి గాని అక్షరం నిలవడం లేదు. కుడివైపు అడ్రసు రాసే చోట పెద్ద కంపెనీ గుర్తు, దాని కింద స్కాన్ చేసే కోడు. శుభలేఖకు పసుపు పెట్టే మూలలో దుకాణం సీలు కొట్టినట్టుండాది. ఎడమవైపేమో రెండు పేరాల చరిత్ర. ఇంక మనం రాసేదానికి చోటు యాడుంది?

నాకు ఇంత కోపం ఎందుకంటే, ఈ కార్డుల కథంతా వెనకవైపే ఉండాది. బ్రిటన్‌లో 1902 దాకా కార్డుకు ఒకవైపు అడ్రసు తప్ప ఇంకేం రాయకూడదు. కబురు రాయాలంటే బొమ్మ పక్కన ఖాళీలో ఇరికించాల్సిందే. 1902లో వెనకవైపు మధ్యలో గీత కొట్టి సగం కబురుకు, సగం అడ్రసుకు అని ఒప్పుకున్నారు. బొమ్మ ముందంతా పరుచుకునేదానికి దారి దొరికింది అప్పుడే. ఫొటో కార్డులు అంతగా నడిచినాయంటే ఆ గీత చలవే. ఆ గీతనే తీసేసి కోడు పెట్టినారు వీళ్లు.

నా దగ్గరున్న అసలు కార్డు ఒకటి చూపిస్తా. 1923 ఏప్రిల్ 26, ఇందాక చెప్పిన ఎలిజబెత్ అమ్మానాన్నలు, అంటే డ్యూక్ ఆఫ్ యార్క్‌కు, ఎలిజబెత్ బోస్-లయన్‌కు లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే చర్చిలో జరిగిన పెళ్లిది. లోపలికి పోతా పోతా ఆమె తన పూలగుచ్ఛాన్ని పేరు తెలియని సైనికుడి సమాధి మీద పెట్టింది. ఈ కార్డు వెనక ఎవరో పెన్సిలుతో వాళ్ల అక్కకు రాసుకున్నారు, తోటలో చెట్ల సంగతి. రాజుల పెళ్లి ఊసే లేదు! నేను ఈ కార్డు కొన్నదే ఆ నాలుగు వరుసల కోసం.

అసలుదా, అచ్చుదా తెలుసుకోవాలంటే బంగారం అంగడోళ్లు వాడే భూతద్దం చాలు. అచ్చయితే సన్న చుక్కలు కనపడతాయి. అసలు ఫొటో కార్డులో చుక్కలుండవు, నలుపు, తెలుపు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతాయి. పాతబడిన దాన్ని వాలుగా పట్టుకుంటే నల్లగా ఉన్న అంచుల్లో వెండి మెరుపు తేలుతుంది. డబ్బాలోవి చుక్కలవే. దానికి తప్పు పట్టను, అవి అచ్చుకార్డులని వాళ్లే చెప్పినారు.

ఇంకొక మాట. ఇంతకుముందు వేరేవాళ్ల సెట్ కొన్నా, 1981 జులై 29 నాటి చార్లెస్, డయానాల పెళ్లిది, రంగుల్లో. గోడకు పెడితే మన కర్నూలు ఎండకు ఎరుపు, పసుపు ఎగిరిపోయి పెళ్లికూతురు నీలంగా మారింది. ఇవి నలుపు-తెలుపు కాబట్టి అట్ల నీలం తిరగవనే అనుకుంటాండా. అయినా కిటికీ పక్కన పెట్టొద్దండీ.

ఫ్రేము కట్టుకునేవాళ్లు కొనుక్కోండి, నచ్చుతాయి. ఎవరికన్నా రాసి పోస్టు చేయాలనుకునేవాళ్లు మాత్రం వద్దు, నా మాట వినండి. కంపెనీ అన్నలూ, ఈ వీడియో చూస్తాంటే వెనకవైపు కోటింగ్ తీసేయండి, మధ్యలో గీత కొట్టండి, నీస్ పెళ్లి కార్డు కలపండి. అప్పుడు నాకు ఊరికే పంపొద్దు, నా డబ్బులతోనే కొంటా.