పెంటదిబ్బలో వేడి, సీసాలో పులుపు

నమస్తే అబ్బా, అందరూ బాగుండారా? ఈరోజు కోవూరు పక్కన మా చిన్నాయన పెంటదిబ్బ కాడ నిలబడుండా. ముక్కు మూసుకోబాకండి, వాసన మీదాకా రాదులే.

ఇదిగో, ఈ పొడుగాటి థర్మామీటరును మూరెడు లోపలికి గుచ్చతా ఉండా. అబ్బయ్యా, కెమెరా దగ్గరికి తీసుకురా. కనపడిందా? 58 డిగ్రీలు. టైం పొద్దున ఆరు, దిబ్బ మీద మంచు కూడా ఇంకా ఆరలా. ఎండ వల్ల వచ్చిన వేడి కాదిది. చిన్నప్పుడు ఇందులో చెయ్యి ఎంతసేపు పెడతావని పందేలు కాసేవాళ్ళం.

మరి యాడ నించి వచ్చింది? గాలి తగిలే చోట ఉండే బాక్టీరియా గడ్డీ పేడా తిని ఆక్సిజన్‌తో కాలుస్తాయి. ఆ వేడే ఇది. కాల్చీ కాల్చీ నడిమధ్యలో ఆక్సిజన్ అయిపోతాది. అక్కడ బతికేవే మన కథలో వాళ్ళు: వేడి కావాల, గాలి తగలకూడదు. పుస్తకాల్లో థర్మోఫిలిక్ ఎనరోబ్స్ అని రాస్తారు.

వీటి తిండి సంగతి నిదానంగా వినండి. మనం చక్కెరను ఆక్సిజన్‌తో పూర్తిగా కాల్చేస్తాం. వీటికి ఆ దారి లేదు. గ్లూకోజ్‌ను రెండు ముక్కలు చేసి, కాస్తంత శక్తి లాక్కుంటాయి. అప్పుడు కొన్ని ఎలక్ట్రాన్లు చేతిలో మిగిలిపోతాయి. అవి పోగుబడితే పని ఆగిపోతాది, ఎక్కడో ఒకచోట దించుకోవాల. ఆల్కహాల్‌గా దించుకునేవి కొన్ని, లాక్టిక్ ఆమ్లంగా కొన్ని, హైడ్రోజన్ వాయువుగా వదిలేసేవి కొన్ని. మనం సీసాలో పట్టుకునేది వాటి చెత్తనే! దోసెపిండి పులిసేదీ ఇదే లెక్కన. కాకపోతే పిండిలో బాక్టీరియాను 60 డిగ్రీల్లో పెడితే చస్తాయి.

నాకు అన్నిట్లోకీ ఇష్టమైంది మూరెల్లా థర్మోఅసెటికా. 1942లో గుర్రపు లద్దెలో దొరికింది. 55 నుంచి 60 డిగ్రీలంటే దానికి హాయి. ఈస్ట్‌తో పోల్చి చూడండి. 180 గ్రాముల గ్లూకోజ్ ఇస్తే, ఈస్ట్ ఎంత బాగా పనిచేసినా 92 గ్రాముల ఆల్కహాలే. తక్కిన 88 గ్రాములు కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలిసిపోతాయి. సగం పాయ. మూరెల్లా పిసినారిది, ఆ కార్బన్ డయాక్సైడ్‌ను కూడా వదలదు. గ్లూకోజ్ రెండు ముక్కల నించి రెండు అసిటిక్ ఆమ్లం అణువులు, అంటే వెనిగర్‌లో ఉండే పులుపు, చేస్తాది. మిగిలిన ఎలక్ట్రాన్లను ఆ కార్బన్ డయాక్సైడ్ మీదే దించి, ఇంకోటి చేసుకుంటాది. ఒక గ్లూకోజ్‌కి మూడు అసిటిక్ ఆమ్లాలు. కాగితం మీద 180 గ్రాములకు 180 గ్రాములు! అసలులో కొంత దాని ఒంటికి పోతాదనుకోండి. ఈ దారి పేరు వుడ్–యుంగ్‌డాల్ మార్గం.

చిక్కేందంటే, పులుపు పెరిగే కొద్దీ అదే చచ్చిపోతాది. క్షారం కలుపుతా ఉండాల. కలిపితే అసిటేట్ ఉప్పు వస్తాది, దాన్ని మళ్ళీ ఆమ్లం చెయ్యాలంటే ఖర్చు.

వేడి వల్ల లాభం ఉందా అంటే, మన రోహిణి కార్తె గుర్తుతెచ్చుకోండి. ఈస్ట్ ట్యాంకును 32 డిగ్రీల కాడ ఉంచాలంటే కరెంటు ఎంత కాలతాది! 60 డిగ్రీల ట్యాంకుకు ఆ బాధ తక్కువ. పైగా బయట బాక్టీరియా అందులో పడ్డా బతకడం కష్టం.

మన మాగాణి గడ్డి సంగతి కూడా చెప్పేస్తా. క్లాస్ట్రిడియం థర్మోసెల్లమ్ అనే ఇంకో బాక్టీరియా, సెల్యులోజ్‌ను, అంటే గడ్డిలో పీచును, కత్తిరించే ఎంజైమ్‌లను గుత్తిగా ఒంటికి తగిలించుకుని ఉంటాది. ఆ గుత్తి సెల్యులోసోమ్, 1983లో బయటపడింది. గడ్డి నించి నేరుగా ఆల్కహాల్ వస్తాది గానీ అసిటిక్, లాక్టిక్, హైడ్రోజన్ అన్నీ కలిపి వస్తాయి. ఒంగోలు వైపు జామాయిలు కర్ర పనికొస్తాదా అని అడుగుతారేమో. కర్రకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ అనే పదార్థం అందులో ఎక్కువ, అది వీటికి కొరుకుడు పడదు.

ల్యాబులో వీటిని పెంచేవాళ్ళు ద్రవంలో రెసజురిన్ అనే రంగు కలుపుతారు. ఆక్సిజన్ ఉంటే గులాబీ, పోతే నీళ్ళ రంగు. గులాబీ కనపడినంతసేపూ బాక్టీరియా వెయ్యరు.

ఇంట్లో మీరు చెయ్యదగింది ఈ థర్మామీటరు పరీక్ష ఒక్కటే. పేడనీళ్ళు సీసాలో పోసి మూత బిగించబాకండి, గ్యాస్ కట్టి పగులుతాది, పైగా మండే గ్యాస్. థర్మామీటరు సబ్బుతో కడగండి. నేనూ చేతులు కడుక్కోవాల, చిన్నమ్మ టీ పెట్టి పిలస్తా ఉంది.