స్కాన్ చేసిన కాగితం దొరకాలి కదా!

సభకు నమస్కారం. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో, తెలుగు భాషా దినోత్సవం నాడు మాట్లాడటం నా భాగ్యం. పంతులుగారి గురించి నా తరువాత పెద్దలు చెబుతారు. నాకిచ్చిన అంశం కంప్యూటర్‌లో ఫైళ్లు వెతకడం.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడే వరకు మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. అందుకే మన ఇళ్లలో తాతల నాటి దస్తావేజులు, ఉత్తరాలు తెలుగులో ఉన్నాయి. ఇప్పుడు అందరూ వాటిని స్కాన్ చేయిస్తున్నారు. మంచిదే. కానీ ఒక సంగతి చెప్పాలి.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. 1931 నాటి వాళ్ల పొలం దస్తావేజును ఒక కార్యాలయం వారు స్కాన్ చేశారు. అసలు కాగితం చెదలు తినేసింది. వివాదం వచ్చి, ఆవిడ నకలు అడిగితే, కంప్యూటర్‌లో ఉన్నవి వట్టి అంకెల పేర్లు. ఊరి పేరు లేదు, మనిషి పేరు లేదు. ఫైలు వివరాల్లో చూస్తే స్కాన్ చేసిన తేదీ ఉంది. 1931 ఎక్కడా లేదు. ఆవిడ కొడుకు సాయంత్రాలన్నీ కూర్చుని ఒక్కొక్క ఫైలు తెరిచి, చివరికి తాతగారి సంతకం చూసి గుర్తుపట్టాడు. అందరికీ అలాంటి కొడుకు ఉంటాడా? పేరు టైపు చేయడానికి అర నిమిషం చాలదా? ఆ అర నిమిషం ఎవరూ పెట్టలేదు!

అందుకని, అమ్మా, బాబూ, ఈ నాలుగు మాటలు వినండి. విండోస్ కంప్యూటర్‌లో జేపీజీ ఫొటో ఫైలు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ తెరవండి. టైటిల్, ట్యాగ్స్ అనే చోట్ల మనిషి పేరు, ఊరు, కాగితం మీది సంవత్సరం రాయండి. ఊరి పేరు అన్ని రూపాల్లోనూ రాయండి. పర్లాకిమిడి, పారలాఖెముండి మనకు ఒకటే. యంత్రానికి రెండు వేర్వేరు ఊళ్లు. ఆ ఫొటోను వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఈ వివరాలు పోతాయి. డాక్యుమెంటుగా పంపండి.

అచ్చు పనికి వాడిన పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు తెర మీద తెలుగులాగే కనిపిస్తుంది, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు ఉంటాయి. యూనికోడ్ అంటే ప్రతి భాష అక్షరానికీ దాని సొంత సంకేతం ఇచ్చే పద్ధతి. యూనికోడ్ తెలుగులో వెతికితే ఆ పాత రాత దొరకదు. కొత్తగా రాసేదంతా యూనికోడ్‌లోనే రాయండి. తెలుగు కీబోర్డు ఎక్కడుందో తెలియకపోతే, సెట్టింగ్స్‌లో ఉండే వెతుకు పెట్టెలో 'లాంగ్వేజ్' అని కొట్టండి, దారి అదే చూపిస్తుంది. విండోస్ 11 మామూలుగా డాక్యుమెంట్లు, పిక్చర్లు, డెస్క్‌టాప్ వంటి కొన్ని చోట్లకే సూచిక, అంటే త్వరగా వెతకడానికి ఒక జాబితా, తయారుచేసుకుంటుంది. మీ కాగితాలు డి డ్రైవులో ఉంటే, సెర్చ్ సెట్టింగ్స్‌లో 'ఎన్‌హాన్స్‌డ్' ఎంచుకోండి, మొత్తం కంప్యూటర్‌కు సూచిక తయారవుతుంది.

నిర్వాహకులు సమయం అయిందంటున్నారు. ఒక్క మాట. ఇక్కడున్న కాలేజీ పిల్లలారా, ఆ సంతకం చూసి ఇది ఫలానా వారిదని చెప్పగలిగిన ముసలివాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఈ సెలవుల్లో వాళ్ల పక్కన కూర్చోండి. వాళ్లు చెబుతుంటే మీరు టైపు చేయండి. ఎవరింట్లోనైనా కంప్యూటర్ లేకపోతే నన్ను పిలవండి, నాది పట్టుకుని నేనే వస్తాను.