రెండు చాంబర్లు, ఒక వాల్వు: పేటెంట్ ఎగ్జామినర్ ఎక్కడ పట్టుకుంటారు?

[తెర మీద: నల్లటి నేపథ్యంలో ఒకే ఒక వాక్యం, నెమ్మదిగా టైపవుతూ]

"కనీసం రెండు ప్రెషర్ చాంబర్లు, ఒక పంపు, కనీసం ఒక సెపరేటర్, వీటిని నడిపే కంట్రోల్ యూనిట్ ఉన్న ఫ్లూయిడ్ శుద్ధి పరికరం."

వ్యాఖ్యానం:
ఇది పేటెంట్ దరఖాస్తులో మొదటి క్లెయిమ్ అనుకోండి. క్లెయిమ్ అంటే దేనిమీద హక్కు అడుగుతున్నామో చెప్పే వాక్యం. ఉదాహరణ కోసం మేమే రాసుకున్నాం. అసలు దరఖాస్తు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి, మనం తెలుగులో చెప్పుకుందాం. రాసినవాళ్లకి ఇది చాలా బలమైన క్లెయిమ్‌లా కనిపిస్తుంది. చాంబర్లూ పంపూ ఉన్న ప్రతి యంత్రమూ ఇందులోకి వచ్చేస్తుంది కదా అని వాళ్ల ధీమా. నిజమే, వచ్చేస్తుంది. ఎప్పుడో తయారైన పాత యంత్రాలు కూడా వచ్చేస్తాయి. దరఖాస్తుని పరీక్షించే ఎగ్జామినర్‌కి కావాల్సింది అదే: పాతదాన్ని కూడా పట్టే క్లెయిమ్ కొత్తది కాదు.

[తెర మీద: యానిమేషన్. పక్కపక్కన రెండు నిలువు స్టీలు చాంబర్లు (10), (20). వాటి తర్వాత రెండు సెపరేటర్లు (40), (50)]

వ్యాఖ్యానం:
ముందు యంత్రం ఏం చేస్తుందో చూద్దాం. మిరప పొడిలోంచి ఓలియోరెసిన్, అంటే రంగూ ఘాటూ ఉన్న చిక్కటి నూనె, తీసే యంత్రం ఇది. గుంటూరు వైపు వాళ్లకి ఆ మాట కొత్తేం కాదు. పొడిని చాంబర్లో నింపి, దాని గుండా 300 బార్ ప్రెషర్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ప్రెషర్), 50 డిగ్రీల వేడి ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని పంపుతారు. 31 డిగ్రీలు, 73.8 బార్ దాటాక కార్బన్ డయాక్సైడ్ అటు వాయువూ కాదు, ఇటు ద్రవమూ కాదు. వాయువులా పొడి సందుల్లోకి దూరుతుంది, ద్రవంలా నూనెని కరిగించుకుంటుంది. తర్వాత ప్రెషర్‌ని మెట్లు మెట్లుగా దించితే, మోసుకొచ్చిన సరుకుని సెపరేటర్లలో వదిలేస్తుంది.

ఒక చాంబర్ పని ముగిశాక మూత తీయాలంటే లోపలి 300 బార్ వాయువుని ఎటో ఒకటు పంపాలి. బయటికి వదిలేస్తే నష్టం. పక్కనే కొత్త పొడి నింపుకొని మామూలు గాలి ప్రెషర్‌తో రెండో చాంబర్ కాచుకుని ఉంది. మధ్యలో గొట్టం వేసి వాల్వు తెరిస్తే సగం వాయువు అటు వెళుతుంది, పంపుకి ఆ మేరకు పని తగ్గుతుంది. మన దరఖాస్తుదారు చెప్పే కొత్త విషయం ఇదే.

[తెర మీద: గేజీ ముల్లు 300 నుంచి పడిపోతూ 150 దగ్గర ఆగదు, ఇంకా కిందికి జారుతుంది]

ఇక్కడ చాలామంది స్పెసిఫికేషన్‌లోనే (ఆవిష్కరణని వివరించే పత్రం) ఒక తప్పు రాసేస్తారు: "రెండు సమాన చాంబర్లు కలిస్తే ప్రెషర్ 150 బార్ అవుతుంది" అని. అవదు. 50 డిగ్రీల దగ్గర 300 బార్ కార్బన్ డయాక్సైడ్ సాంద్రత ఘనపు మీటరుకి సుమారు 870 కిలోలు. అది రెండు చాంబర్లకీ పంచుకుంటే 435. వేడి మళ్లీ 50 డిగ్రీలకి చేరాక ఆ సాంద్రతకి ప్రెషర్ 100 బార్‌కి కాస్త పైన ఉంటుంది, అంతే. కెమికల్ ఇంజినీరింగ్ చదివిన ఎగ్జామినర్ చేతిలో 150 పడిందంటే మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది.

[తెర మీద: దరఖాస్తు దారి. చెన్నై పేటెంట్ ఆఫీసు]

వ్యాఖ్యానం:
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తుదారులది చెన్నై ఆఫీసు పరిధి. దాఖలు చేయగానే ఎవరో తీసి చదువుతారనుకోకండి. ఫారం 18 వేసి, రుసుము కట్టి, పరీక్షించమని అడగాలి. ఆన్‌లైన్‌లో వ్యక్తులకి, స్టార్టప్‌లకి, చిన్న సంస్థలకి 4,000 రూపాయలు, పెద్ద సంస్థలకి 20,000. 2024 మార్చి 15 నుంచి దాఖలైన వాటికి గడువు 31 నెలలు. అంతకుముందు 48 ఉండేది, పాత లెక్క గుర్తుపెట్టుకుని ఆగినవాళ్ల దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. స్టార్టప్ అయితే, దరఖాస్తుదారుల్లో మహిళ ఉంటే, ఫారం 18ఎ తో త్వరగా చూడమని అడగొచ్చు.

[తెర మీద: పాత పేటెంట్ల కట్టలోంచి రెండు పత్రాలు పైకి వస్తాయి. డి1, డి2]

వ్యాఖ్యానం:
ఇప్పుడు వెతుకులాట. ఎగ్జామినర్ మన శీర్షిక పట్టుకుని గూగుల్ చేయరు. అంతర్జాతీయ వర్గీకరణలో బి01డి 11/02 అంటే ఘనపదార్థాల్లోంచి ద్రావణితో తీయడం. బి01జె 3/04 అంటే ప్రెషర్ పాత్రలు. ఈ రెండు అరలు ఎలాగూ చూస్తారు. మూడోది చాలామంది ఊహించరు: బి01డి 53/047. ప్రెషర్ పెంచుతూ దించుతూ వాయువుల్ని వేరుచేసే పద్ధతి. కోవిడ్ రోజుల్లో ఇళ్లలోకి వచ్చిన ఆక్సిజన్ కాన్సంట్రేటర్ గుర్తుందా? లోపల రెండు గొట్టాలు, వంతులవారీగా. దానికి మూలమైన చక్రానికి చార్ల్స్ స్కార్‌స్ట్రోమ్ 1960లోనే అమెరికాలో పేటెంట్ పొందారు. ఒక గొట్టంలో మిగిలిన ప్రెషర్‌ని రెండోదానికి ఇచ్చి సమం చేయడం కూడా ఆ రంగంలో ఎప్పటినుంచో ఉన్నదే.

కాబట్టి డి1: రెండు చాంబర్లు, సెపరేటర్లు ఉన్న పాత కార్బన్ డయాక్సైడ్ యంత్రం. డి2: రెండు గొట్టాల మధ్య ప్రెషర్ సమం చేసే వాయు యంత్రం. డి1 ఒక్కటే మన మొదటి క్లెయిమ్‌ని మింగేసింది, కొత్తదనం లేదు. రెండో క్లెయిమ్‌లో "చాంబర్ల మధ్య సమీకరణ గొట్టం" కలిపాం. డి1కి డి2 జోడిస్తే అదీ వచ్చేస్తుంది. ఇక ఇన్వెంటివ్ స్టెప్, అంటే ఆ రంగం తెలిసినవాళ్లకి కూడా ఇట్టే తట్టని ముందడుగు, ఎక్కడుంది అని అడుగుతారు.

[తెర మీద: గోలీ సోడా సీసా క్లోజప్. గోలీ మెడలోని రబ్బరుకి అదుముకుని ఉంటుంది]

పక్క మాట ఒకటి. ఇదే దరఖాస్తులో ఎనిమిదో క్లెయిమ్ మూత సీల్ గురించి: "లోపలి ప్రెషర్ పెరిగే కొద్దీ సీల్ మరింత బిగుసుకుంటుంది." వినడానికి బాగుంది. గోలీ సోడా చేసేదీ అదే. హైరమ్ కాడ్ 1872లో ఇంగ్లండ్‌లో ఆ సీసాకి పేటెంట్ తీసుకున్నారు. సీల్‌లో నిజంగా కొత్తదేమన్నా ఉంటే అది పదార్థంలోనో ఆకారంలోనో ఉండాలి. ఎందుకంటే మామూలు రబ్బరు ఓ-రింగు కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటుంది, ప్రెషర్ ఒక్కసారిగా పడితే లోపలి వాయువు ఉబ్బి రింగు పగుళ్లిస్తుంది. దాన్ని ఎలా తప్పించారో రాస్తే ఒక మాట. కానీ అది వేరే ఆవిష్కరణ. పేటెంట్ల చట్టం సెక్షన్ 10(5) ప్రకారం ఒక దరఖాస్తులో ఒకే ఆవిష్కరణ ఆలోచన ఉండాలి. పేటెంట్ మంజూరు కాకముందే సెక్షన్ 16 కింద దాన్ని విడదీసి వేరే దరఖాస్తు వేసుకోవాలి.

[తెర మీద: ఎఫ్‌ఈఆర్ మొదటి పేజీ నమూనా]

వ్యాఖ్యానం:
ఇవన్నీ కలిపి వచ్చే కాగితమే ఫస్ట్ ఎగ్జామినేషన్ రిపోర్ట్, అందరూ ఎఫ్‌ఈఆర్ అంటారు. నాలుగు భాగాలుంటాయి: సారాంశం, సాంకేతిక వివరం, లాంఛనాలు, రికార్డులో ఉన్న పత్రాలు. జవాబుకి 6 నెలలు. ఆలోపు జవాబూ లేక, పొడిగింపుకి ఫారం 4 కూడా లేకపోతే దరఖాస్తు వదిలేసినట్టే.

లాంఛనాల్లో ఉండేవి సులువు. సారం 150 పదాలు దాటింది, క్లెయిముల్లో బొమ్మ నంబర్లు లేవు, విదేశీ దరఖాస్తుల గురించి ఫారం 3 సరిచేయాలి. ఒక మధ్యాహ్నం పని. "అధిక ప్రెషర్", "తగిన వేడి" లాంటి మాటలకి స్పష్టత లేదంటారు, అదీ న్యాయమే. ఎంతైతే అధికం?

చాలామందిని బెదరగొట్టేది సెక్షన్ 3(ఎఫ్). తెలిసిన పరికరాల్ని ఊరికే పక్కపక్కన పేర్చినా, ఒకటికి రెండు పెట్టినా, ప్రతిదీ తన పాటికి తాను పాత పద్ధతిలోనే పనిచేస్తుంటే అది ఆవిష్కరణ కాదు. చాంబర్ల యంత్రాలకి ఈ అభ్యంతరం చుట్టంలా వస్తుంది. మీర్జాపూర్ గిన్నెల లేత్ కేసులో సుప్రీంకోర్టు 1978లో చెప్పింది కూడా ఈ దారిలోనిదే: పాతవాటిని కలిపినప్పుడు ఫలితం కొత్తగా ఉండాలి, వర్క్‌షాప్‌లో పనివాడు చేసుకునే మామూలు మెరుగుదల చాలదు. ఆ పేటెంట్ చెల్లలేదు.

అయితే ఆ సెక్షన్‌లోనే జవాబూ ఉంది, "తన పాటికి తాను" అన్న మాటలో. మన రెండు చాంబర్లు తమ పాటికి తాము పనిచేయడం లేదని చూపించాలి.

[తెర మీద: సమీకరణ వాల్వు తెరుచుకుంటుంది. గొట్టం చివర తెల్లటి మంచు పేరుకుని, ప్రవాహం ఆగిపోతుంది]

వ్యాఖ్యానం:
ఇప్పుడు అసలు విషయం. డి2లోని గొట్టాన్ని తెచ్చి డి1 చాంబర్ల మధ్య బిగించి వాల్వు తెరిస్తే ఏమవుతుంది? 300 బార్ వాయువు 1 బార్ చాంబర్లోకి దూకుతుంది. అలా వ్యాకోచించినప్పుడు కార్బన్ డయాక్సైడ్ విపరీతంగా చల్లబడుతుంది. 5.18 బార్ కంటే తక్కువ ప్రెషర్‌లో దానికి ద్రవరూపం లేదు, నేరుగా డ్రై ఐస్ అవుతుంది. ఆ మంచు వాల్వు నోట్లోనూ, చాంబర్ అడుగున ఉండే సన్నటి రంధ్రాల లోహపు జల్లెడలోనూ ఇరుక్కుంటుంది. కాసేపటికి కరిగి ఒక్కసారి తోసుకొస్తుంది. పొడి గట్టిపడుతుంది, మధ్యలో చీలిక పడి వాయువంతా ఆ చీలికలోంచే పోతుంది, చుట్టూ ఉన్న పొడిలో నూనె అలాగే మిగిలిపోతుంది.

ఆక్సిజన్ యంత్రంలో ఈ బాధ లేదు. అక్కడున్నది గాలి, ప్రెషర్ కొద్ది బార్లే. కాబట్టి డి2 చదివినవాళ్లకి ఈ సమస్య ఉందనే తెలియదు, పరిష్కారం సంగతి సరే సరి. మన జవాబుకి ఇదే వెన్నెముక.

దరఖాస్తుదారు యంత్రంలో ఒక చిన్న ఏర్పాటుంది, అదృష్టవశాత్తూ వివరణ 14వ పేజీలో ఉంది, క్లెయిముల్లో మాత్రం లేదు. రెండో సెపరేటర్ పైభాగం నుంచి సన్నటి గొట్టం, దాని చుట్టూ వేడినీళ్ల జాకెట్. కొత్త చాంబర్‌ని ముందు దీనితో 6 బార్ దాటిస్తారు. అప్పటిదాకా పెద్ద వాల్వు తెరుచుకోదు.

[తెర మీద: సవరించిన క్లెయిమ్ 1. కొత్తగా చేర్చిన భాగం కింద గీత]

"పంపు, మొదటి ప్రెషర్ చాంబర్ (10), రెండో ప్రెషర్ చాంబర్ (20), ఆ చాంబర్లని కలిపే సమీకరణ గొట్టం (30), అందులో వాల్వు (32), రెండో సెపరేటర్ (50) పైభాగాన్ని చాంబర్లకి కలిపే, జాకెట్ ఉన్న ముందునింపు గొట్టం (36), ప్రతి చాంబర్‌కీ ప్రెషర్ సెన్సర్ (14, 24), తక్కువ ప్రెషర్‌లో ఉన్న చాంబర్ 6 బార్ దాటేవరకు వాల్వు (32) తెరుచుకోకుండా ఆపే కంట్రోల్ యూనిట్ (60) ఉన్న ఫ్లూయిడ్ శుద్ధి పరికరం."

వ్యాఖ్యానం:
చూడండి, ఇప్పుడు రెండో చాంబర్ ఎప్పుడు సిద్ధమవుతుందన్నది సెపరేటర్ మీద ఆధారపడి ఉంది. మొదటి చాంబర్ ఎప్పుడు ఖాళీ అవుతుందన్నది రెండో చాంబర్ సెన్సర్ మీద ఆధారపడి ఉంది. 3(ఎఫ్)కి ఇంతకంటే జవాబు అక్కర్లేదు. క్లెయిమ్ ఇరుకైపోయిందని దరఖాస్తుదారు బాధపడతారు. పడనివ్వండి. పోటీ కంపెనీ ఇదే లాభం పొందాలంటే ఈ తాళం లేకుండా కుదరదు, అదే కావాల్సింది.

ఇదే ఏర్పాటు 14వ పేజీలో లేకపోయి ఉంటే? అంతే సంగతులు. సెక్షన్ 59 ప్రకారం సవరణ అంటే తగ్గించుకోవడం, తప్పు దిద్దడం, వివరించడం. దాఖలు చేసినప్పుడు లేని విషయాన్ని తర్వాత చొప్పించకూడదు. కొత్త క్లెయిమ్ పాత క్లెయిమ్ పరిధిలోనే ఉండాలి. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక దరఖాస్తు) వేసి 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ ఇచ్చేవాళ్లు ఆ ఏడాదిలోనే యంత్రంతో కొట్లాడి, ఏది ఎక్కడ ఇరుక్కుందో, ఎన్ని బార్ల దగ్గర వదిలిందో అన్నీ రాసేయాలి. పాడైన ప్రయోగాలే ఇన్వెంటివ్ స్టెప్‌కి సాక్ష్యం. చాలామంది సిగ్గుపడి వాటిని తీసేస్తారు.

[తెర మీద: వీడియో కాన్ఫరెన్స్ గడి. ఒక పక్క కంట్రోలర్, ఒక పక్క ఏజెంట్]

వ్యాఖ్యానం:
జవాబుతో కంట్రోలర్ (దరఖాస్తు మీద నిర్ణయం తీసుకునే అధికారి) తృప్తిపడకపోతే సెక్షన్ 14 కింద హియరింగ్ నోటీసు వస్తుంది, ఇప్పుడు ఎక్కువగా వీడియోలోనే. అయిపోయాక 15 రోజుల్లో లిఖితపూర్వక వాదన ఇవ్వాలి. హియరింగ్‌కి ఇంజినీరుని వెంట కూర్చోబెట్టుకోండి. ఎందుకంటే ఈ కేసులో తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది: "6 బార్ ఎందుకు? 4 ఎందుకు కాదు, 20 ఎందుకు కాదు?" 4 దగ్గర డ్రై ఐస్ పడుతుంది, హద్దు 5.18. 20 దాకా నింపినా పనిచేస్తుంది, అందుకే "6 బార్ దాటేవరకు" అన్నాం. హద్దుకి కాస్త పైన పెట్టింది సెన్సర్‌లో ఉండే తేడా కోసం. ఈ మూడు ముక్కలూ 14వ పేజీలో ఏ పేరాలో ఉన్నాయో ఆ పేరా నంబరు చదివి వినిపించండి.